నాలుగో ముక్క

ఠంగుమంది.

కత్తి మొన కేకు లోపల ఎక్కడో లోహాన్ని తాకింది. బల్ల చుట్టూ తలలన్నీ కేకు మీదికి వంగాయి. పంతెలిస్ కత్తిని పక్కన పెట్టి, ముక్కను వేళ్ళతో విడదీసి, పొడి అంటుకున్న నాణేన్ని పైకెత్తాడు.

"నాలుగోది! ఎవరిది? నాది! మళ్ళీ నాదే!"

ఆయన భార్య ఎవాంథియా నెత్తిన చెయ్యి పెట్టుకుంది.

కొత్త సంవత్సరం నాడు ఆ దీవిలో ప్రతి ఇంటా నాణెం దాచిన కేకు కోస్తారు. ఆరు సమానమైన ముక్కలుగా, పేరు చెప్పి మరీ కోస్తారు. మొదటి ముక్క క్రీస్తుకు, రెండోది మరియమ్మకు, మూడోది ఇంటికి, నాలుగోది యజమానికి, ఐదోది ఇల్లాలికి, ఆరోది గుమ్మంలోకి వచ్చే బీదవాడికి. నాణెం ఎవరి ముక్కలో వస్తే ఆ ఏటి అదృష్టం వారిది. పంతెలిస్ ఇంట్లో మాత్రం అదృష్టంతో పాటు డబ్బు పెట్టె తాళంచెవి కూడా వారిదే. పెళ్లయిన కొత్తలో సరదాకి వేసుకున్న పందెం అది. ఏళ్ళు గడిచేసరికి శాసనమై కూర్చుంది.

కేకు చేసేది ఆమె. కోసేది ఆయన. బాదం గింజలు పొదిగిన వైపు భర్త ముందుకు వచ్చేలా ఆమె పళ్ళెం పెడుతుంది. ఆయన వెంటనే దాన్ని సరిగ్గా సగం చుట్టు తిప్పేస్తాడు. తిప్పాక, తన ముందున్న అంచు నుంచి మొదటి ముక్క కోయడం మొదలుపెడతాడు.

"పిండి కలిపిన చేతిని నమ్మకూడదోయ్," అంటూ మీసాల చాటున నవ్వుతాడు. ఓడరేవులో తాళ్ళు అమ్మే మనిషి. ముడి ఎక్కడుందో తనకు తెలియకుండా పోదని ఆయన ధీమా.

అలా ఆ ఏడు కూడా తాళంచెవి ఆయన నడుముకే వేలాడింది.

లెంటు ఉపవాసాలకు ముందు ఎవాంథియా ఎర్ర మఖమలు సోఫా అడిగింది.

"మఖమలు మీద కూర్చుని ఏ రాజ్యం ఏలుతావే? ఇంటెడు గుడ్డలు మురిగిపోతుంటే!" అని కసిరి, సాయంత్రానికి బట్టలుతికే యంత్రం మోయించుకొచ్చాడు. అది గిరగిరా తిరుగుతుంటే ఎవాంథియా ఖాళీ చేతులతో ఎదురుగా కూర్చుని నిట్టూర్చింది.

ఈస్టరు వెళ్ళాక పన్నెండు మంది పట్టే భోజనాల బల్ల కావాలంది. "ఆగస్టులో మరియమ్మ పండక్కి మీ అక్కచెల్లెళ్ళందర్నీ పిలుద్దామయ్యా. పిల్లలతో సహా. ఎన్నాళ్ళుంటే అన్నాళ్ళు ఉంటారు."

పంతెలిస్ గతుక్కుమన్నాడు. "బల్లా లేదు, గిల్లా లేదు! వాళ్ళొస్తే కదుల్తారనుకున్నావా?"

"వాళ్ళేమనుకుంటారు పాపం?"

"అనుకోనీ!"

ఆగస్టు నిశ్శబ్దంగా గడిచింది. ఎవాంథియా పెరట్లో అంజూరపు నీడన పడుకుని, ఆడపడుచులు రాలేదని పొరుగువారందరితోనూ చెప్పుకుంది.

ఆలివ్‌లు దులిపే రోజుల్లో గాజు దీపాల గుత్తి అడిగితే ఇనప పొయ్యి వచ్చింది, పెరడు నిండా కట్టెలతో. "చలికి ఆ గాజు ముక్కలు కప్పుకుంటావా?" అన్నాడు. ఆమె మూతి ముడుచుకుని పొయ్యికి దగ్గరగా జరిగింది.

డిసెంబరు వానలకు పడకగది పైకప్పు కారింది. మంచం ఒక మూలకు చేరింది; దాని చోట సత్తుగిన్నె వెలిసింది. పెట్టెలో మిగిలిన డబ్బుకు ఒక్క పెద్ద పనే అవుతుంది. రెండోదానికి చాలదు.

"పియానో కొందామయ్యా," అంది ఎవాంథియా.

"నీకు వాయించడం వచ్చా?"

"కొంటే అదే వస్తుంది."

"మంచం మీద వాన, హాల్లో పియానో! చూడు, ఈసారి నాణెం నాకొచ్చిందా, పెంకులన్నీ మార్పించి పడేస్తా. నీకొస్తే నీ ఇష్టం. గొడుగేసుకుని వాయించుకో!"

"పందెమా?"

"పందెమే!"

ఏడాది చివరి రోజు మధ్యాహ్నం ఎవాంథియా అక్క మరిగో వచ్చింది. వచ్చీ రాగానే తడిసిన శాలువా విదిలించి మొదలుపెట్టింది.

"ఈసారైనా బుద్ధి తెచ్చుకోవే. పిండి నీది, నాణెం దాచే చెయ్యి నీది, తాళంచెవి మాత్రం ఆయనది! ఏడాదంతా నువ్వడిగింది ఒక్కటైనా కొన్నాడా? కనీసం నీ ముక్కలో పెట్టుకోవడం కూడా చేతకాదా?"

"పళ్ళెం తిప్పుతాడు కదక్కా."

"ఎటు తిప్పినా సగమేగా! నీ ముక్క ఎక్కడికొస్తుందో చూసుకుని పెట్టు."

"చూసుకునే పెడతాను," అంది ఎవాంథియా.

నాణేన్ని కడిగి, తుడిచి, ఒక అంచున పిండిలోకి మెల్లగా నొక్కింది. పైన తడిచేత్తో నున్నగా సవరించింది. సరిగ్గా అక్కడే బాదం గింజలు పొదగసాగింది.

మరిగో గుండె బాదుకుంది. "ఒసే పిచ్చిదానా! అది దేవుడి ముక్క!"

"తిప్పకపోతే."

మరిగో వేలు పిండి మీదుగా గాలిలో సగం చుట్టు తిరిగింది. క్రీస్తు, మరియమ్మ, ఇల్లు... వేలు ఆగింది. మళ్ళీ మొదటి నుంచి లెక్కపెట్టింది. మళ్ళీ అక్కడే ఆగింది.

"నీ ముక్క ఐదోది కదే! ఇక్కడ దాస్తే ఎవరికొస్తుందో తెలుసా నీకు?"

పడకగదిలో సత్తుగిన్నె టప్పుమంది.

ఎవాంథియా ఆ చప్పుడు వైపు ఒకసారి చూసి, చేతి పిండి దులుపుకుని, ఏటా ఈ వేళకు మనసులోనే అనుకునే పేరును ఈసారి పైకప్పు కోసం కాస్త గట్టిగానే అంది: "పంతెలిస్‌!"