తైలం మంచిదేనని చెప్పాను

"రోజా, ఇంగ్లీషు చదువు చదువుతున్నావుగా. ఈ తైలం రాస్తే మీ నాన్నకి మాటొస్తుందో రాదో ఆ ఇంటర్నెట్లో చూసి చెప్పవే," అంది అమ్మ.

బందరులో నెట్ సెంటర్‌కి వెళ్లి చూశాను. తైలంతో మాట వస్తుందని రుజువు చేసిన పరిశోధన ఒక్కటీ కనపడలేదు. పక్షవాతంతో మాట పోయినా కొందరు పాట పాడగలరని, పాటతో మొదలుపెట్టి మాట నేర్పిస్తే కొంతమందికి ఫలితం కనిపించిందని మాత్రం ఉంది.

"తైలం మంచిదేనంటమ్మా," అని చెప్పాను.

నాన్నకి మాట వస్తే నా పని అయిపోతుంది. నా ప్రోగ్రెస్ కార్డు మీద ఆయన సంతకం నేనే పెట్టానని పక్షవాతం వచ్చిన రోజు పొద్దున కనిపెట్టేశాడు. అమ్మని పిలవడానికి లేచి, గుమ్మంలో పడిపోయాడు. మాటా, కుడిచెయ్యీ పోయాయి.

పదకొండు రోజులు తైలం రాశాం. నాన్న నన్నే చూస్తూ నోరు కదిపేవాడు. నేను పుస్తకం అడ్డం పెట్టుకునేదాన్ని.

పన్నెండో రోజు ఇక ఉండలేకపోయాను. అమ్మ గిలకలదిండి రేవులో చేపల వేలానికి వెళ్లగానే తలుపేసి, వల లాగేటప్పుడు నాన్న పాడే పాట ఎత్తుకున్నాను. రెండోసారికి ఆయన గొంతు కలిసింది. నాది ఆగిపోయింది.

"అమ్మకి చెప్పేస్తావా నాన్నా?"

తల అడ్డంగా ఊపాడు. ఎడంచేత్తో నా పెన్ను లాక్కున్నాడు. అదే పాట వరసలో, ఒక్కో మాటా కూడదీసుకుంటూ పాడాడు.

"నా... సంతకం... నాకు... నేర్పవే."