అతకని చెక్క

స్కీ ముక్కు మళ్ళీ విచ్చుకుంది. సంచి కోసి బయటికి తీసి, రెండు చేతులతో కాస్త వంచాడో లేదో, చెక్క మీది గాజుపీచు పొర టపటపమంటూ లేచిపోయింది. అచ్యుత్ దాన్ని బల్ల మీద పడేసి గరాజ్ నేల మీదే చతికిలబడ్డాడు.

వరసగా ఇది రెండోసారి. టార్నీట్‌లో మనవాళ్ళుండే ఆ వీధి గరాజుల్లో కార్లుంటాయి, లేదంటే బియ్యం బస్తాలుంటాయి. ఈ ఇంట్లో మాత్రం రెసిన్ కంపు. కొడుకు జశ్వంత్ యూనివర్సిటీలో చదువుకుంటూ, మంచు మీద జారే స్కీలు తనే ఇక్కడ చేసుకునేవాడు. కింద ప్లాస్టిక్ రేకు, అంచులకు ఉక్కు పట్టీ, దాని మీద గాజుపీచు గుడ్డ, నడుమ చెక్క, మళ్ళీ గుడ్డ. అన్నిటికీ రెసిన్ జిగురు పట్టించి, సంచిలో పెట్టి, పాత ఫ్రిజ్ కంప్రెసర్‌తో గాలంతా లాగేస్తే పొరలన్నీ ఒకటై గట్టిపడతాయి. అలా ఒక జత చేసుకున్నాడు. రెండో జతకు చెక్కలు చిత్రిక పట్టి ఉంచి, మొదటి జత వేసుకుని ఒక్కడే బోగాంగ్ కొండకు వెళ్ళాడు. మళ్ళీ రాలేదు. పోలీసులు వెతికారు, హెలికాప్టర్ తిరిగింది, మంచు కరిగాక మళ్ళీ చూశారు. ఆఖరికి వాడి టోపీ కూడా దొరకలేదు.

ఇప్పుడు ఆ మిగిలిన చెక్కలతో స్కీలు చేసి, వాటి మీద తానే వెళ్ళి కొడుకును వెతుకుతానని అచ్యుత్ పంతం. యాభై దాటిన మనిషి. పుట్టింది కాకినాడలో, మంచు చూసింది ఫ్రిజ్‌లో. స్కీలు అద్దెకిస్తారు కదయ్యా అంటే వినడు. వాడు చిత్రిక పట్టిన చెక్కే తనను వాడి దగ్గరికి తీసుకెళ్తుందంటాడు. మొండివాడు రాజుకంటే బలవంతుడని ఊరికే అన్నారా.

భార్య మంగళ మాత్రం వద్దనలేదు. కొడుకు కొండకు వెళ్ళిన రోజు పొద్దున వాణ్ణి వద్దంది. మాటా మాటా పెరిగి, వాడు టిఫిన్ కూడా ముట్టకుండా వెళ్ళిపోయాడు. ఆ తర్వాత ఆవిడ నోట వద్దన్న మాట ఎవరూ వినలేదు. పైగా భర్తకు ఉన్ని చేతితొడుగులు అల్లిపెట్టింది. చెక్కలు అతికించబోయే ముందు ప్రతిసారీ దీపం వెలిగించి, నువ్వుల నూనెలో కుంకుమ రంగరించి వాటికి బొట్లు పెట్టింది. కొత్త కారుకైనా, కొత్త మిక్సీకైనా బొట్టు పెట్టే ఇల్లే కదా అది.

సాయంత్రం భానుప్రసాద్ వచ్చాడు. అచ్యుత్‌కు తమ్ముడి వరస, పడవలు తయారుచేసే షెడ్‌లో సూపర్‌వైజర్. ఊడిన పొరను వెలుతురులో పెట్టి, వేలితో రుద్ది, వాసన చూశాడు.

“అన్నయ్యా, రెసిన్ ఓకే. మిక్సింగ్ కూడా కరెక్టే. చెక్కకి నూనె తగిలింది. బొట్టు పెట్టిన చోటల్లా పట్టు వదిలేసింది, చూడు.”

మంగళ ముఖం పాలిపోయింది. దేవుడికి దండం పెట్టిన చేత్తోనే ఇంత పని చేశానా అని ఏడ్చింది. అచ్యుత్ ఆవిణ్ణి ఒక్క మాట అనలేదు. అనడానికి ఓపిక ఉంటే కదా.

“ఒక్క చుక్కకే ఇలా అవుతుందా భానూ?” కళ్ళు తుడుచుకుంటూ అడిగింది మంగళ.

“చుక్కయితే అక్కడి వరకే వదినా. పల్చగా అంతా పాకిందనుకో, కంటికి కూడా కనపడదు, మొత్తం ఊడిపోద్ది.”

పాత పొరంతా గీకేసి చెక్కలు మళ్ళీ నునుపు చేసిపెట్టాడు భాను. గీకి గీకి పలచబడ్డాయి, ఇంకొక్కసారికే ఆగుతాయన్నాడు. ఈసారి పూజలేవీ వద్దని, ముందు జిడ్డు వదిలించే అసిటోన్‌తో తుడవమని చెప్పాడు. వెళ్ళబోతూ గుమ్మం దగ్గర ఆగి, ఆ కొండ మీద తుఫాను వస్తే ఏం చేస్తావని అచ్యుత్‌ను అడిగాడు.

“కనిపిస్తే తీసుకొస్తా. కనిపించకపోతే నేనూ అక్కడే వాడి దగ్గరే. రిటర్న్ ప్లానేం లేదురా.”

మంగళ వెనకే నిలబడి ఉంది. లోపలికి వెళ్ళి కుక్కర్ పెట్టింది.

శనివారం ఆఖరి ప్రయత్నం. దీపం లేదు, బొట్టు లేదు. అచ్యుత్ రెసిన్ కలుపుతుంటే చెక్కలు తాను తుడుస్తానంది మంగళ. చెడగొట్టిన చేత్తోనే బాగుచేయనివ్వమంది. ఆ మాటకు అతని మనసు కరిగిపోయింది. ఆవిడ వంటింట్లోంచి మెత్తటి గుడ్డ తెచ్చి, ముక్కు నుంచి తోక దాకా, చంటివాడి ఒళ్ళు తుడిచినట్టు నెమ్మదిగా తుడిచింది. గరాజంతా రెసిన్ కంపులో ఇంకే వాసనా తెలియడం లేదు.

మర్నాడు సంచి కోశారు. వంచకుండానే పొర మొత్తం అట్టు లేచినట్టు లేచి వచ్చేసింది. ఇంక గీకడానికి చెక్కలో ఏమీ మిగల్లేదు.

కొత్త చెక్క కోసి ఇస్తానని భాను ఫోన్‌లో అన్నాడు. అచ్యుత్ అక్కర్లేదన్నాడు. కొత్తదానికి జశ్వంత్ చెయ్యి తగలలేదు కదా.

“వాడికే ఇష్టం లేదు మంగళా, నేను రావడం.”

అని వెక్కి వెక్కి ఏడ్చాడు. మంగళ అతని తల ఒళ్ళో పెట్టుకుంది. ఇక ఆ కొండ ఊసెత్తనని మాటిచ్చాడు. అంటే కొడుకును వెతికేవాళ్ళు ఇక లోకంలో ఎవరూ లేరని ఇద్దరికీ తెలుసు. ఆవిడ కూడా ఏడ్చింది, ఆపుకోలేక ఏడ్చింది.

మధ్యాహ్నం అతనికి కునుకు పట్టాక, చెక్కలు తుడిచిన గుడ్డను మంగళ సింకులో వేసి, వేడినీళ్ళు తిప్పి, సబ్బు పెట్టి రుద్దింది.

నూనె జిడ్డు ఒక పట్టాన వదల్లేదు.