అతుకు లేని తాడు

"ఆ తాడు నా ఇంట్ల ఉండొద్దు," అంది ఆదెమ్మ.

కోడలు రిబ్కా తలెత్తలేదు. వరండాలో తాడు పరిచి, పెద్ద పెద్ద మెలికలు తిప్పి, ఒకదాని మీదుగా ఒకటి వేస్తోంది. ఒకసారి పైనుంచి, ఒకసారి కిందనుంచి. కాళ్లు తుడుచుకునే పట్టా అది. ఖమ్మంలో హాస్టల్లో ఉండి ఇంటర్ చదివేటప్పుడు అక్కడి సిస్టరమ్మ నేర్పిన అల్లిక. కత్తెర అక్కర్లేదు. మొదటి చుట్టు దారి చూపిస్తుంది. మిగతా చుట్లు దాని పక్కనే నడుస్తాయి.

"నీకే చెప్తున్న. నా కొడుకును తిన్న తాడు అది."

శాలేమ్‌రాజు భూస్థాపన అయి మూడు రోజులైంది. ఖమ్మంలో ఒక కోచింగ్ కాలేజీ బిల్డింగుకు రంగులు వేస్తుండగా నాలుగో అంతస్తు దగ్గర తాడు తెగింది. అతనితో పనిచేసే జస్టిన్, శవంతో పాటు ఒక గోనె సంచి కూడా చండ్రుగొండకు తెచ్చాడు. అందులో బ్రష్‌లు, టిఫిన్ డబ్బా, తెగిన తాడు. ఆదెమ్మ ఆ సంచిని గడప దాటనివ్వలేదు. పెరట్లో నీళ్ల తొట్టి పక్కన పెట్టించింది.

"ఆదివారం ఆదరణ కూడిక ఉంది. పాస్టరమ్మ వస్తది, సంఘమంతా వస్తరు. ఆలోపు దాన్ని కాలబెట్టు. లేకుంటే నేను సత్తుపల్లికి, నా బిడ్డ ఇంటికి పోత. మళ్ల ఈ మొఖాన రాను."

"ఆదివారానికి అయిపోతది అత్తమ్మా."

"ఏందే అయ్యేది? మొగని మీద మట్టి ఆరలే, పట్టాలు అల్లుకుంట కూసుంది చదువుకున్న కోడలు!"

రిబ్కా ఇంతవరకు ఏడవలేదు. వాడకట్టంతా ఆ సంగతి గమనించింది. ఆకలి లేదు, నిద్ర లేదు. చేతులు మాత్రం పనిచేస్తున్నాయి. తాడు పేటల సందులోంచి ఒక బియ్యపు గింజ రాలింది. దాన్ని తీసి వరండా అంచున పెట్టింది. కోడి వచ్చి తినేసింది.

మరునాడు పక్కింటి షాకేరా టీ తెచ్చింది. పట్టాను చూసి వంగి చేత్తో తడిమింది.

"ఎట్ల ఉతికినవ్ రిబ్కా! ఒక్క రంగు చుక్క లేదు. మా ఇంటాయన బనీను మూడు రోజులు సర్ఫుల నానబెట్టినా గిట్ల తెల్లగ రాదు."

నవ్వబోయి, ఎక్కడున్నదో గుర్తొచ్చి ఆగింది. గొంతు తగ్గించింది.

"పెద్దమ్మ మనసు కష్టపెట్టకు. ముసలి పానం. తీసి అవతల పడెయ్‌రాదూ?"

"ఇంక రెండు చుట్లున్నయ్."

"సరే, టీ అన్న తాగు జల్దీ. చల్లగైతది."

టీ చల్లబడింది. మీగడ కట్టింది.

శనివారానికి ఒక్క చుట్టే మిగిలింది. తాడు బిరుసుగా ఉంది. రిబ్కా వేళ్ల చివర చర్మం లేచింది. ఆదెమ్మ మోకాళ్లు చాపుకుని గడపకు ఆనుకుని కూర్చుంది. ఆమె గొంతులో మునుపటి కోపం లేదు.

"ఆ పొద్దుగాల దేవుడే వాన్ని ఆపబోయిండు బిడ్డా. గంటసేపు ఇల్లంతా దేవులాడిండు. మంచం కింద చూసిండు, అటక మీద చూసిండు. ఏంది దొరకలేదో ఏమో, మొదటి బస్సు పోయింది. గప్పుడన్న ఆగొద్దా? ఆదివారం పూట పనేందిరా, మందిరానికి రారా అన్న. కంట్రాక్టరు ఊకోడే అమ్మా అన్నడు. రెండో బస్సెక్కిండు."

రిబ్కా చేతులు ఆగాయి. కిందనుంచి పోవాల్సిన వరుస పైనుంచి పోయింది. దాన్ని విప్పి, మళ్లీ సరిగ్గా వేసింది.

ఆదివారం మధ్యాహ్నానికి పట్టా గడప ముందుకు వచ్చింది. కోలగా, ఒత్తుగా, బరువుగా ఉంది. ఎక్కడా అతుకు లేదు. తాడు రెండు కొసలూ అడుగుకు మడిచి దారంతో కుట్టేసింది.

ఆదెమ్మ చేతిసంచి పట్టుకుని లోపలినుంచి వచ్చింది. సత్తుపల్లి ప్రయాణం. గడప దగ్గర ఆగి పట్టా వైపు చాలాసేపు చూసింది. తర్వాత కుడికాలు దాని మీద పెట్టింది. రుద్దింది. ఎడమకాలు పెట్టింది. ఇంకా గట్టిగా రుద్దింది.

"ఇందుకానే అల్లింది?" అంది. "నాకు తెల్వకపాయె బిడ్డా. నిన్ను ఎన్ని మాటలంటినే!"

చేతిసంచి లోపలికి విసిరేసి, కోడలిని దగ్గరికి తీసుకుని ఏడ్చింది. రిబ్కా ఆమె భుజం మీదుగా గోడ వైపు చూస్తూ నిలబడింది.

కూడికకు సంఘమంతా వచ్చింది. ఆదెమ్మ గడప పక్కనే కుర్చీ వేసుకుని కూర్చుంది.

"తొక్కి రాండ్రి. నా కొడుకును తిన్నదాన్ని గట్టిగ తొక్కి రాండ్రి."

చెప్పులు విడిచి ఒక్కొక్కరూ తొక్కారు. పాస్టరమ్మ మొదట జంకింది, ఆదెమ్మ కళ్లు చూసి తనూ తొక్కింది. షాకేరా రెండుసార్లు తొక్కింది. రిబ్కా తలుపు వెనక నిలబడి పడిన ప్రతి పాదాన్నీ చూసింది.

పాటలు, ప్రార్థన, టీలు అయ్యాయి. అందరూ వెళ్లిపోయారు. తెల్లటి పట్టా ఎర్రమట్టి రంగుకు తిరిగింది. రిబ్కా దాన్ని దులపలేదు.

పెరట్లో జస్టిన్ తెచ్చిన గోనె సంచి, లోపల తెగిన పాత తాడుతో, కట్టిన ముడి కట్టినట్టే ఉంది; ఊరంతా తొక్కి వెళ్లింది మాత్రం, అది దొరకకపోతే భర్త ఆదివారం పని మానుకుని తనతో మందిరానికి వస్తాడని కిందటి శనివారం సాయంత్రం రిబ్కా బియ్యం డ్రమ్ములో దాచిన కొత్త తాడును.