చివరి కుర్చీలో మనిషి

“ఫరీదూన్ అమ్మా, టీ అయిందా? సభ మొదలుపెట్టాలి!”

సభ అంటే ముందు గదిలో ఐదు మడత కుర్చీలు. ఒకప్పుడు కాబూల్ మైదానంలో ఉస్తాద్ నజ్రుల్లా మైకు పట్టుకుంటే ముప్పై వేలమంది ఊపిరి బిగబట్టి వినేవాళ్ళు. ఆయన నడిపిన కార్వాన్ పార్టీని నిషేధించాక కొండలు దాటి పెషావర్ చేరాడు. అక్కడ పార్టీ రెండుగా చీలింది. ఆ రెండూ నాలుగయ్యాయి. హాంబర్గ్‌లో ఈ ఏడో అంతస్తు ఫ్లాటుకు వచ్చేసరికి పార్టీ మొత్తం ఒక్క లిఫ్టులో పట్టేస్తోంది.

“ఇంకోసారి చీలిందంటే మీరొక్కరే బాల్కనీలో సభ పెట్టుకోవాలి,” అంది ఆయన భార్య సాబెరా కెటిల్ దించుతూ.

“నవ్వు, నవ్వు. చరిత్ర నిన్ను క్షమించదు,” అని ఆయన కూడా నవ్వాడు.

ఏ శుక్రవారమూ తప్పకుండా వచ్చేది ఒక్క జలీల్. మూడో అంతస్తులో ఒంటరిగా ఉంటాడు. వచ్చి చివరి కుర్చీలో కూర్చుంటాడు. నోరు విప్పడు. పార్టీ అమరుల పేర్లు చదివేటప్పుడు మాత్రం లేచి బాల్కనీలోకి వెళ్ళి సిగరెట్ వెలిగిస్తాడు. ఆ భవనంలో అఫ్గాన్లందరూ సాబెరాను ఫరీదూన్ అమ్మ అనే పిలుస్తారు. జలీల్ మాత్రం బీబీ అంటాడు.

సాబెరా అందరికీ యాలకుల టీ ఇస్తుంది. అతనికి ఇవ్వదు.

“ఇంటికొచ్చిన మనిషికి గుక్కెడు టీ ఇవ్వవేం? మనం అఫ్గాన్లమేనా?” అంటాడు ఉస్తాద్.

“ఆయన తాగరు.”

“అవును ఉస్తాద్, తాగను,” అంటాడు జలీల్ నేల చూస్తూ.

ఆ వారం శరణార్థుల ఆఫీసు నుంచి ఉత్తరం వచ్చింది. ఆశ్రయం ఇవ్వలేమన్నారు. అలాంటి పార్టీ ఉందనడానికిగానీ, దానివల్ల ఆయన ప్రాణానికి ముప్పు వచ్చిందనడానికిగానీ ఆధారం లేదన్నారు. నెల రోజుల్లో దేశం విడిచి వెళ్ళాలి. కాబూల్‌లో దిగితే ఆయన ప్రాణాలతో ఇంటిదాకా కూడా చేరడని ఇద్దరికీ తెలుసు.

“లేదట! నా పార్టీయే లేదట!” ఉస్తాద్ ఉత్తరాన్ని బల్ల మీదికి విసిరాడు. “జరిగిందంతా చెప్పాను. అన్నీ రాసుకున్నారు. కాగితమేదీ అన్నారు. కాగితాలన్నీ నువ్వేగా తందూర్లో వేశావు!”

“వెయ్యకపోతే సోదాలో దొరికేవి.”

“ఒక్క సాక్షి ఉంటే చాలన్నాడు లాయరు. ఈ కుర్చీల్లో కూర్చునేవాళ్ళంతా పెషావర్ తర్వాత చేరినవాళ్ళే. ఆ రోజుల్లో మనల్ని ఎరిగినవాడు ఒక్కడు. ఎక్కణ్ణుంచి తేను?”

మధ్యాహ్నం ఆయన నిద్రపోయాక సాబెరా మూడో అంతస్తుకు దిగి తలుపు తట్టింది. జలీల్ తీశాడు. ఆమెను చూసి రెండడుగులు వెనక్కి వేశాడు.

“మీరు సాక్ష్యం రాయాలి,” అంది.

“ఏం రాయమంటారు, బీబీ?”

“మీకు తెలిసింది.”

“రాస్తే నన్ను తీసుకుపోతారు.”

“తెలుసు.”

అతను గోడకు ఆనుకున్నాడు. సాబెరా తల మీది చాదర్ తీసి అతని కాళ్ళ దగ్గర పెట్టింది. ఆడమనిషి చాదర్ కాళ్ళ దగ్గర పడ్డాక కాదనే అఫ్గాన్ లేడు. జలీల్ దాన్ని రెండు చేతులా ఎత్తి కళ్ళకద్దుకున్నాడు.

“రాస్తాను. ఒక్కటే అడుగుతాను. ఈ శుక్రవారం మీ ఇంటి ఉప్పు నాకూ పెట్టండి.”

అంత పెద్దది అడుగుతాడని ఆమె అనుకోలేదు. ఇంటి ఉప్పు పెట్టిన మనిషిని ఇక శపించకూడదు. ఆమె ద్వారబంధం పట్టుకుంది.

“పెడతాను,” అంది చివరికి.

అతను జర్మన్‌లో ఒక పేజీ రాశాడు. రాసినదాన్ని తమ దరీ భాషలో చదివి వినిపించాడు. ఆమె కూర్చోకుండానే విన్నది. కవరు తనే పట్టుకెళ్ళి లాయరుకు ఇచ్చింది. ఇది మా ఆయనకు చూపించకండని చెప్పి వచ్చింది.

శుక్రవారం బంగాళాదుంప కూరిన బోలానీ రొట్టెలు చేసింది. పిండిలో ఉప్పు వేయబోతే చెయ్యి ఆగిపోయింది. చెంచా రెండుసార్లు డబ్బాలోకి తిరిగి వెళ్ళింది. మూడోసారి కళ్ళు మూసుకుని వేసింది.

చివరి కుర్చీ ముందు పళ్ళెం పెట్టగానే ఉస్తాద్ చప్పట్లు కొట్టాడు. “ఇన్నాళ్ళకి! చూశావా జలీల్, మా ఆవిడ కరగడానికి ఆరేళ్ళు పట్టింది!”

జలీల్ తిన్నాడు. ముక్క ముక్కకీ ఆగి ఆగి తిన్నాడు. గడ్డం తడిసిపోయింది.

“కారం ఎక్కువైందా ఏం?” అంటూ ఉస్తాద్ మంచినీళ్ళు అందించాడు.

మూడు వారాల తర్వాత ఒక పొద్దున ఇద్దరు అధికారులు వచ్చి జలీల్‌ను తీసుకెళ్ళారు. చేతిలో ఒక్క సంచీతో లిఫ్టు ఎక్కాడు. ఆ వారమే ఇంకో ఉత్తరం వచ్చింది. సాక్ష్యాన్ని నమ్ముతున్నామనీ, ఉస్తాద్ నజ్రుల్లా, ఆయన భార్యా ఇక్కడే ఉండవచ్చనీ దాని సారాంశం.

ఉస్తాద్ పొంగిపోయాడు. కోటు వేసుకుని అద్దం ముందు నిలబడ్డాడు.

“చూశావా! ఎవరో ఒకరు గుర్తు పెట్టుకున్నారు. నలభై ఏళ్ళ నా రాజకీయం ఊరికే పోలేదు.” అంతలో చివరి కుర్చీ కనబడి ఆయన గొంతు తగ్గింది. “పాపం, జలీల్ ఉంటే ఎంత సంతోషించేవాడో! ఏ కేసులో ఇరుక్కున్నాడో ఏమో. అది సరే, ఆ సాక్షి ఎవరై ఉంటాడు? మన పార్టీ గురించి ఏం రాశాడో! ఒక్క వాక్యం వింటే చాలు, ఫరీదూన్ అమ్మా.”

సాబెరా చివరి కుర్చీ మడిచి గోడకు ఆనించింది.

ఆ వాక్యం ఆమెకు నోటికొచ్చు: “కార్వాన్ పార్టీ నాయకుణ్ణి చంపి రమ్మని నన్ను పంపారు, ఆయన ఇంట్లో లేడు, అందుకని తలుపు తీసిన పదిహేడేళ్ళ కొడుకు ఫరీదూన్‌ని, తల్లి చూస్తుండగా, నేనే కాల్చాను.”