చిలకరించిన నీళ్లు

సరోజిని శవపెట్టెను సమాధుల తోట గేటు ముందు దించారు. గేటుకి తాళం వేసి ఉంది. తాళంచెవి పాస్టరు డేనియల్ గుప్పిట్లో ఉంది.

పాట ఆగిపోయింది.

"తియ్యండి పాస్టరుగారూ," అంది హేమ. చనిపోయింది ఆమె తల్లి. "ఎండ మండిపోతోంది. అమ్మని ఎంతసేపని ఇలా ఉంచుతాం?"

డేనియల్ హేమ వైపు చూడలేదు. పెట్టె వెనక నిలబడ్డ ముసలాయన్ని, సంఘం పాత పాస్టరు సామ్యేలుని చూశాడు.

"బాప్తిస్మం తీసుకోనివాళ్లకి ఈ తోటలో చోటు లేదు. మన సంఘం నియమం అది. మీకు తెలుసు కదండీ?"

"తెలుసు," అన్నాడు సామ్యేలు. "కానీ సరోజిని తీసుకుంది. నేనే ఇచ్చాను."

జనంలో కలకలం రేగింది.

సరోజిని ఏళ్ల తరబడి ఆదివారాలు మందిరానికి వచ్చేది. ఈ మధ్యే పోయిన భర్త ఒప్పుకోక బాప్తిస్మం మాత్రం వాయిదా పడుతూ వచ్చింది. మచిలీపట్నం ఆసుపత్రిలో ఊపిరి అందక పడి ఉన్నప్పుడు, ముక్కు మీది మాస్కు పక్కకి లాగి అదొక్కటే అడిగింది. హేమ డేనియల్‌కి ఫోన్ చేసింది. కోలుకున్నాక ముంచడానికి కాలవకి తీసుకురమ్మన్నాడు. ఆమె ఇక కోలుకోదని డాక్టర్లు అప్పటికే చెప్పేశారు.

అప్పుడు హేమ సామ్యేలుని పిలిచింది. ఆయన అవనిగడ్డలో బస్సెక్కి వెళ్లాడు. మంచం పక్కనున్న సీసాలోంచి అరచేతిలోకి నీళ్లు వంచుకుని ఆమె నుదుటి మీద చిలకరించాడు. సరోజిని నవ్వింది. ఆ సాయంత్రమే పోయింది.

"చిలకరిస్తే బాప్తిస్మం కాదండీ," అన్నాడు డేనియల్. "బాప్తిస్మమంటే పాతిపెట్టడం. పాత జీవితం మొత్తం నీళ్లలో మునిగిపోవాలి. నాలుగు చుక్కలతో దేన్ని పాతిపెడతాం?"

"ముంచితే ఆ మనిషే పోయేదయ్యా."

"అయితే ఇవ్వకూడదు. దేవుడికి వదిలెయ్యాలి."

"సిలువ మీదే పరలోకం పొందిన దొంగని ఎవరు ముంచారు డేనియల్?"

డేనియల్ మొహం జేవురించింది.

"అది నీళ్లు చిలకరించే టౌను చర్చివాళ్లు అనే మాట. మీ నోటి వెంట రాకూడదు." గొంతు తగ్గించాడు. "నాకు మాత్రం సరదానా అండీ? ఇవాళ ఈమెకి సడలిస్తే రేపు చంటిపిల్లల మీద చల్లమంటారు. అప్పుడు మనకీ వాళ్లకీ తేడా ఏముంది? ఈ సంఘం నిలబడిందే ఆ ఒక్క సత్యం మీద."

"మా ఆవిడ సమాధి పక్కన నాకోసం వదిలిన చోటుంది. అందులో పెట్టండి. నన్ను ఎక్కడ పెట్టినా సరే."

"చోటు కాదండీ సమస్య."

"తాళం పగలగొట్టండ్రా!" అని అరిచాడు భూషణం. ఆయన హేమకి పెదనాన్న. ఎవరో రాయి తీశారు. డేనియల్ వైపువాళ్లు గేటుకి అడ్డంగా నిలబడ్డారు. ఒకరి చొక్కా ఇంకొకరి చేతిలోకి వచ్చింది. సామ్యేలు మధ్యలోకి జొరబడి తాళాన్ని రెండు చేతులతో కప్పేశాడు.

"వద్దు. శవం ముందు వద్దు."

హేమ పెట్టె మీద పడి ఏడుస్తోంది. చేపలు పట్టుకుని బతికే రాంబాబు, హేమ వాళ్ల పక్కింటివాడు, అంతవరకూ దూరంగా నిలబడి చూస్తున్నాడు. దగ్గరికి వచ్చి హేమ భుజం తట్టాడు.

"కాలవ దాటాక మావాళ్లని పాతిపెట్టుకునే దిబ్బ ఉందమ్మా. అక్కని అక్కడ పెట్టుకుందాం రా. మమ్మల్ని అడిగేవాడెవడూ లేడు."

పెట్టె లేచింది. సగం మంది దాని వెంట నడిచారు. సగం మంది గేటు దగ్గరే ఉండిపోయారు. కొన్ని ఇళ్లలో మొగుడు ఇటు, పెళ్లాం అటు.

సామ్యేలు ప్రార్థన చేశాడు. మట్టి వేశారు.

చేతులు దులుపుకుంటూ భూషణం అన్నాడు: "ఆ మందిరంలో ఇంక నేను అడుగు పెట్టను. వచ్చే ఆదివారం నుంచి మా వసారాలో ఆరాధన. మీరే నడిపించాలి సామ్యేలుగారూ. మీవల్లే అవుతుంది."

"అవును తాతయ్యగారూ," అంది హేమ. "జాలి ఉన్న సంఘం పెడదాం."

"చిలకరింపే బాప్తిస్మం అని మొదటి నియమం రాద్దాం," అన్నారు వెనక నుంచి ఎవరో. "కాదన్నవాడికి మనలో చోటు లేదు!"

"ఆమేన్!" అన్నారు చాలామంది.

సామ్యేలు తడిమట్టి పక్కన నిలబడి చేతులు జోడించాడు.

"రాయకండిరా," అన్నాడు. "మీకు దణ్ణం పెడతాను, ఏదీ రాయకండి."

ముప్పై ఏళ్ల కిందట టౌను చర్చి మీద ఇలాగే అలిగి వచ్చి, ఈ సంఘం పెట్టి, ముంచితేనే బాప్తిస్మమన్న నియమం తన చేత్తో రాసి, చిలకరింపు తప్ప మరొకటి ఎరగని కన్నతల్లి శవాన్ని మొట్టమొదట ఆ గేటు బయట ఆపినవాడు సామ్యేలే.