పన్నెండు సీసాలు

“సీసాల అమ్మ గదా నువ్వు?”

మస్తానమ్మ తల ఎత్తింది గాని, కుండ లోపలి అంచుకు చిల్లగింజను అరగదీస్తున్న చెయ్యి ఆపలేదు.

రాఘవమ్మ నవ్వింది. ఆత్మకూరు చెరువు కింద, చేపలు పట్టి బతికే ఈ గూడెంలో ఐదేళ్లకు ఆమెకు మిగిలిన పేరు అది. మద్రాసులో మాత్రం పేరుకు ముందు డాక్టరు చేరింది.

“గుర్తుపట్టావే.”

“మరిచేదెట్ట? వారం వారం ఆ సీసా బస్సెక్కించినాక గాని నాకు అన్నం సయించేది గాదు.”

యాభైమూడు నాటి ఎండాకాలం రాఘవమ్మ కళ్లముందు కదిలింది. ఉదయగిరిలో మేనమామ ఇంటి వసారా, బల్లమీద సూక్ష్మదర్శిని, మధ్యాహ్నపు బస్సులో వచ్చే సీసా. చుట్టిన తడిగుడ్డ విప్పగానే లేచే ఆ చల్లని వాసన ఆమెకు మళ్లీ ఎక్కడా తగల్లేదు. పెళ్లికాని పిల్ల చెరువుగట్టున నిలబడితే వంశం మునుగుతుందని మేనమామ తీర్మానించాడు. అందుకే ఖాళీ సీసాలు ఆత్మకూరులో బస్సు దగ్గరే మస్తానమ్మ చేతికిచ్చి రాఘవమ్మ వెనుదిరిగింది. వంశం మునగలేదు. తాను పరిశోధించిన చెరువును ఆమె కళ్లారా చూడడం ఇదే మొదలు.

ఆ ఏడే చెరువు నీళ్లు తాగి, ఊరిపెద్ద మాలకొండయ్య గేదెలు ఏడు చచ్చాయి. చేపల కోసం మస్తానమ్మ భర్త కామయ్య నీళ్లలో విషపుకాయ కలిపాడని ఊరంతా అంది. గాలికి ఒడ్డు చేరే పచ్చపాచిలోనూ పశువులను చంపే విషం ఉంటుందని, పాచి మీదే చదువుకుంటున్న రాఘవమ్మ ఒక్కతే అంది.

“అయితే నీళ్లు పరీక్ష చెయ్ తల్లీ,” అన్నాడు మాలకొండయ్య. “పాచి అని తేలితే కామయ్య వల జోలికి రాము.”

పన్నెండు వారాలు, పన్నెండు సీసాలు. ఒక్కదానిలోనూ లెక్కకు వచ్చేంత పాచి లేదు. ఆమె ఉన్నది ఉన్నట్లు రాసింది. ఊరు కామయ్య వల లాక్కుంది.

“కామయ్య ఏడీ?”

“దుత్తలూరు రోడ్డుపనికి పాయె. నిరుడు ఆడనే కన్ను మూసినాడు.”

రాఘవమ్మ కుండ పక్కనే నేలమీద కూర్చుంది.

“నామీద కోపం లేదా?”

“కోపమేందమ్మా? నీ అద్దంలో కనబడిందే రాసినావు.”

ఐదేళ్లుగా మోస్తున్న మాటను రాఘవమ్మ మెల్లగా దించింది. “ఆకలికి చేసి ఉంటాడు మస్తానమ్మా. నేనైతే ఎప్పుడో క్షమించాను.”

“నీ దయ. ఆయన మటుకు చేయలేదనే అన్నాడు, పోయేదాకా.”

మస్తానమ్మ కొంగును నాలుగు మడతలు పెట్టి, కుండలోని నీళ్లను లోటాలోకి వడగట్టి ఇచ్చింది. రాఘవమ్మ గుక్క తిప్పుకోకుండా తాగింది.

“ఎంత తేటగా ఉన్నాయి. ఏ బావివి?”

“బావి యాడిది? చెరువువే. ఇందాక ఎర్రగా ఉన్న్యాయి, గింజ అరగదీస్తే తేరుకున్న్యాయి. మనల్ని నమ్మి వచ్చినోళ్లకు మురికినీళ్లు ఇస్తామా?”

ఖాళీ లోటా అందుకుంటూ మస్తానమ్మ తృప్తిగా నవ్వింది.

“నీ సీసాల్లో పోసినవీ ఇట్టా తేర్చినవే గదమ్మా.”