బోరు నీళ్ల రంగు

"ప్రొడ్యూసర్ గారు ఊళ్లో లేరండీ!"

గేటు దగ్గర నిలబడ్డ పెద్దాయన నోరు తెరవకముందే మేడమీంచి కేకేసింది కెజియా.

ఫిల్మ్‌నగర్‌లో గేటు పట్టుకుని పైకి చూసే ప్రతి మనిషికీ వేషమే కావాలని ఆమె నమ్మకం. కింది వాటాలో ప్రొడ్యూసరు, పై వాటాలో అద్దెకు తను. రెండేళ్లుగా వచ్చినవాళ్లందరికీ ఇదే జవాబు.

"ఆయన కోసం కాదమ్మా..."

"ఫొటోలు వాచ్‌మన్‌కిచ్చి వెళ్లండి!"

పెద్దాయన వెళ్లలేదు. కళ్లకు చెయ్యి అడ్డం పెట్టుకుని, మేడమీద రేకుల నీడన ఆరేసిన ఊలు చిలపల వంక, ఆ దారపు చుట్టల వంక చాలాసేపు చూశాడు.

కెజియాకు ఒళ్లు మండింది. అసలే ఆమె మనసు బాగాలేదు.

బ్యాంకు ఉద్యోగం మానేసి, ఊలు దారానికి ఇంట్లోనే రంగులేసి ఇన్‌స్టాగ్రామ్‌లో అమ్ముకుంటోంది. ఎవరికే రంగు కావాలన్నా వేసిచ్చేది. ఈ ఒక్క రంగు మాత్రం మొండికేసి కూర్చుంది.

పదిరోజుల కిందట మోతీనగర్ నుంచి పద్మప్రియ అనే ఆవిడ వచ్చింది. నిండు గర్భిణి. సగం అల్లిన శాలువా ఒకటి చేతిలో పెట్టింది.

"మీ దగ్గరికే వెళ్లమన్నారండీ. పుట్టబోయే బిడ్డ కోసం మా అమ్మ మొదలుపెట్టింది. సగంలోనే కన్నుమూసింది. దాచుకున్న పాత దారం, అది కూడా అక్కడికే అయిపోయింది. మిగతాది నేను అల్లుతాను. రంగు మాత్రం అమ్మదాంట్లో కలిసిపోవాలి."

ఎవరు వెళ్లమన్నారని కెజియా అడగలేదు. ఇన్‌స్టాగ్రామ్‌లో చూసినవాళ్లెవరో అనుకుంది.

నెమలికంఠం రంగు. కానీ లోపల ఎక్కడో పలచటి బూడిద ఛాయ. చుక్క నలుపు కలిపితే రంగు చచ్చిపోయేది. కలపకపోతే తళతళలాడేది. తొమ్మిదిసార్లు వేసింది, తొమ్మిదిసార్లూ తప్పింది. ప్రసవానికి మూడు వారాలే ఉన్నాయి.

రెండు రోజుల తర్వాత, పార్సిల్ పంపించి వస్తుంటే గేటు దగ్గర మళ్లీ ఆ పెద్దాయనే.

"ఆ నెమలికంఠం కలవడం లేదు కదమ్మా?"

"మీకెలా తెలుసు?"

"ఏ నీళ్లు వాడుతున్నారు?"

"ఫిల్టర్ నీళ్లు. రంగు స్వచ్ఛంగా రావాలి కదా!"

"అందుకే కలవడం లేదు. ఒకసారి బోరు నీళ్లతో వేసి చూడండి, వాటిలోని ఉప్పుకే ఆ బూడిద ఛాయ వస్తుంది. ఆ చిలప ఒక్కటి కిందికి తెస్తారా? దగ్గర్నుంచి చూస్తాను."

వంద వీడియోలు చూసి పని నేర్చుకున్న కెజియాకు ఎక్కడో గుచ్చుకుంది.

"చూడండి. వేషం కావాలంటే కింది వాటా వాళ్లనడగండి. నాకు పాఠాలు చెప్పకండి."

పెద్దాయన నవ్వాడు. కోపం తెచ్చుకోలేదు. ప్రహరీ గోడ పట్టుకుని మెల్లగా రోడ్డు దిగి వెళ్లిపోయాడు.

పదోసారి కూడా రంగు తప్పింది. పదకొండోసారి, చూసేవాళ్లెవరూ లేరు కదా అని, కెజియా ఒక బకెట్టు బోరు నీళ్లు పైకి మోసుకెళ్లింది.

మర్నాటికి చిలప ఆరింది. తీసి శాలువా మీద పెట్టింది.

ఎక్కడ శాలువా అయిపోయిందో, ఎక్కడ కొత్త దారం మొదలైందో కనిపించలేదు. కెజియా అక్కడే కూలబడి ఏడ్చేసింది. సంతోషమే. కానీ వెంటనే ఆ పెద్దాయన నవ్వు గుర్తొచ్చి సిగ్గేసింది.

వారమంతా చిలప చేత్తో పట్టుకుని గేటు వంకే చూసింది. చివరికి వాచ్‌మన్‌ని అడిగింది.

"గా పెద్దమనిషా? మల్ల రాలేదమ్మా. ఏడికెల్లి వస్తుండెనో ఏమో, నేనైతె అడగలే."

ఆదివారం పద్మప్రియ వచ్చింది. కొత్త దారాన్ని అమ్మ అల్లికకు ఆనించి చూసుకుంది.

"ఈ పాత దారానికి రంగు ఎవరు వేశారండీ?" కెజియా అడిగింది.

"వీరరాఘవయ్య గారని, సినిమా బట్టలకు రంగులు వేసేవారు. అమ్మ అప్పట్లో ఆ సినిమాల్లోనే హెయిర్ డ్రెస్సర్. నేను పుట్టినప్పుడు అమ్మకి ఆయనే వేసిచ్చారు. యూసుఫ్‌గూడలో వాళ్లింటి వెనక బోరుంది. ఆ నీళ్లు తప్ప ఇంకో నీళ్లు ముట్టుకునేవారు కాదట."

కెజియా గబుక్కున అడిగింది.

"చెయ్యి అడ్డం పెట్టుకుని చూస్తారు... గోడ పట్టుకుని నడుస్తారు... ఆయనేనా?"

"ఆయనే. మీకు తెలుసా?"

"దగ్గర్నుంచి ఒక్కసారి చూపించమన్నారు. నేను చూపించలేదు. పదండి, ఇప్పుడే వెళ్దాం. ఈ రంగు ఆయన చూడాలి!"

పద్మప్రియ కదల్లేదు.

"చూడలేరండీ. ఆయనకు కొన్నాళ్లుగా చూపు తగ్గుతూ వచ్చింది. పోయిన వారంతో పూర్తిగా పోయింది."

కెజియా గేటు వంక చూసింది.

"నేనాయన్ని వేషం అడగడానికి వచ్చారనుకున్నాను."

"అయ్యో! ముందు నేను వెళ్లింది ఆయన దగ్గరికేనండీ. 'నా కళ్లు ఇక రంగు పట్టలేవమ్మా. ఫిల్మ్‌నగర్‌లో ఒకమ్మాయి ఉంది, దారిన పోతూ చూశాను, దారాన్ని ఎండలో వెయ్యదు, నీడన ఆరేస్తుంది, పని తెలిసిన మనిషి' అని నన్ను మీ దగ్గరికి పంపింది ఆయనే."